నిద్రాహారాలు మాని

ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలోపు మురమళ్ళ నుంచి ఎదుర్లంక వంతెన దాకా రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిమీద ఆడపిల్లల ఫొటోలే ఎక్కువ. నూనె రాసి బిగించిన రెండు జడలు, మెడలో ఐడీ కార్డు, కింద పెద్దక్షరాల్లో 985, 981. టీ కొట్టు దగ్గర నిలబడి ఆ ఫొటోలు చూసేవాళ్ళు తప్పకుండా ఒక మాట అంటారు: “నిద్రాహారాలు మాని చదివిందండీ ఆ పిల్ల.” పక్కనున్నాయన “ఆయ్, ఊరికే వత్తాయేటండీ మార్కులు” అంటాడు. మా ఐ.పోలవరం వైపు చదువుకునే ఆడపిల్లకి ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు.

నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. చదువులో ముందుండే ఆడపిల్లలంటే నాకు ప్రాణం. అందుకే ఈ మెప్పు గురించి రాస్తున్నాను. నిద్ర సంగతి మరోసారి మాట్లాడుకుందాం. ఆహారం మాత్రం కొందరు పిల్లలు నిజంగానే మానేస్తున్నారు. వాళ్ళు మొదటి బెంచీ పిల్లలు. చెప్పిన మాట వినే పిల్లలు. మనం ముచ్చటపడి పదిమందికీ చూపించుకునే పిల్లలు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి: తల్లి గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర, పంపే డబ్బు కొంత అప్పుకి, కొంత ఫీజుకి. పదో తరగతిలో మంచి మార్కులు రావడంతో ఈ పిల్లని నీట్ కోచింగ్ ఇచ్చే కాలేజీ హాస్టల్లో వేశారు. వెళ్ళేటప్పుడు బుగ్గలున్న పిల్ల. దసరా సెలవులకి వస్తే “సన్నబడ్డావే, ఎంత బావున్నావో” అని వీధంతా అన్నారు. సంక్రాంతికి వచ్చేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అప్పుడు కూడా “చదువు మీద పడి తిండి మానేసింది పాపం” అన్నారు. ఆ పాపంలో సగం గర్వం ఉంది.

ఆ సెలవుల్లో ఒకరోజు రాత్రి నేను వాళ్ళింట్లో ఉండగా కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. “తిన్నావా అమ్మా?” అని తల్లి. పిల్ల ఫోను కిందికి తిప్పి కంచం చూపించింది. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఓ పక్కన గోంగూర, ఉడకబెట్టిన గుడ్డు. “ఇదిగో, తింటున్నానమ్మా” అంది. తల్లి ముఖం వెలిగిపోయింది. ఫోను పెట్టేశాక పిల్ల గుడ్డులో పచ్చసొన తీసి పక్కన పెట్టింది. తెల్లసొన నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, నీళ్ళు తాగి, మళ్ళీ ఇంకో ముక్క. మిగతా అన్నాన్ని కంచం అంచుకి జరుపుతుంది, గుట్ట చేస్తుంది, మళ్ళీ పరుస్తుంది. అమ్మమ్మ దొడ్లోకి వెళ్ళగానే లేచి అన్నమంతా కుడితి తొట్టిలో కలిపేసింది. నేను చూశానని తనకి తెలుసు. “గ్యాస్ టీచర్‌గారూ, తింటే పొట్ట ఉబ్బేస్తోంది” అంది, నా వైపు చూడకుండా. అమ్మమ్మ వచ్చి ఖాళీ కంచం చూసి “ఇయాల బానే తిందండి” అని సంతోషపడింది.

విచిత్రమేమిటంటే ఆ పండక్కి అరిసెల పాకం పట్టింది ఆ పిల్లే. పాకుండలు చేసింది, కొబ్బరి లౌజు చేసింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ దగ్గరుండి కొసరి కొసరి పెట్టింది. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. రాత్రి దుప్పట్లో ఫోను పెట్టుకుని గంటలకొద్దీ వంటల వీడియోలు చూసేది. “వంటంటే ఎంత సరదానో సూడండి దీనికి” అని అమ్మమ్మ మురిసిపోయింది.

అది సరదా కాదని చెప్పడానికి ఒక పాత ప్రయోగం గురించి రాయాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 45ల్లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని ఆర్నెల్లపాటు అర్ధాకలితో ఉంచి పరిశీలించాడు. యూరప్‌లో తిండి లేక ఎండిపోయిన జనానికి మళ్ళీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం చేసిన పని అది. ఆ యువకులంతా ఆయుధం పట్టం అని చెప్పి, యుద్ధానికి బదులు ఈ సేవకి తామే ముందుకొచ్చినవాళ్ళు. ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేనివాళ్ళని ఏరి తీసుకున్నారు. కొన్ని నెలలు తిరిగేసరికి వాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. కలల్లో తిండి, కబుర్లలో తిండి. కంచం ముందు గంటలు గంటలు కూర్చుని ముక్కలు చేసి, కలిపి, నీళ్ళు పోసి సాగదీసేవారు. ఎండాకాలంలో చలేసేది. ఊరికే చిరాకు. చదువు మీదా స్నేహాల మీదా ఆసక్తి పోయింది. వాళ్ళకి ర్యాంకుతో పని లేదు, అద్దంతో పని లేదు, వాళ్ళ పెళ్ళికి ఎవరూ తొందరపడటం లేదు. వాళ్ళకి జరిగిందల్లా తిండి తగ్గడమే. చాలినంత తిండి పెట్టడం మొదలుపెట్టాక కూడా మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టింది.

ఇది చదివాక మా వీధి పిల్ల నాకు కొత్తగా అర్థమైంది. మే నెలలో పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు తొడుక్కునేదో, పలకరిస్తే ఎందుకు కసిరేదో, అరిసెలు చేస్తూ ఆ పాకం వంక అలా ఎందుకు చూసేదో. పొగరని కొందరు, ఎవరి దిష్టో తగిలిందని కొందరు అన్నదంతా ఆకలి చేస్తున్న పని. ఆకలి కడుపుతో ఆగదు. మనసునీ స్వభావాన్నీ కూడా మార్చేస్తుంది. ఇక ఒంటినీ మనసునీ అంతగా పీల్చేసినదాన్ని ఆ పిల్ల ఎందుకు వదలలేకపోయింది?

జర్మనీలో పుట్టి, నాజీల కాలంలో దేశం విడిచి, చివరికి అమెరికాలో స్థిరపడిన హిల్డే బ్రూక్ అనే మానసిక వైద్యురాలు ఇలా తిండి మానేసే జబ్బున్న ఆడపిల్లలకి ఏళ్ళ తరబడి వైద్యం చేసి 1978లో ‘ది గోల్డెన్ కేజ్’ అనే పుస్తకం రాసింది. ఆవిడ దగ్గరికి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఎలాంటివాళ్ళంటే: బాగా చదివేవాళ్ళు, ఇంట్లో ఎదురు చెప్పనివాళ్ళు, తల్లిదండ్రులకి ఏ చిక్కూ తేనివాళ్ళు. తమకంటూ ఏదీ తమ చేతిలో లేదనుకునే ఆ పిల్లలకి, ఆకలిని జయించడం ఒక్కటే తాము సాధించినదిగా కనిపించేది. ఆవిడ వైద్యం చేసిన పిల్లలు చాలామంది కలిగినవాళ్ళ బిడ్డలు. మా పిల్ల తల్లి వంటమనిషి. అయినా ఆ మాట ఇక్కడా సరిపోతుంది.

బాగుపడటం మొదలైన చాలా రోజులకి ఆ పిల్ల నాతో అన్నమాట ఇది: “వీకెండ్ టెస్టులో ఎంతొస్తుందో నా చేతిలో లేదు టీచర్‌గారూ. రాత్రి చపాతీ తినకపోవడం నా చేతిలో ఉంది.” ప్రతివారం పరీక్ష. నోటీసుబోర్డు మీద ర్యాంకులిస్టు. మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కి మార్చేస్తారన్న భయం. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునే దాకా మళ్ళీ స్టడీ అవర్. మెస్ దగ్గర క్యూలో నిలబడే సమయం మిగిలితే ఇంకో రెండు లెక్కలు చేసుకోవచ్చని మొదట్లో రాత్రి భోజనం మానేసిందట. ఆ వారం ర్యాంకు పెరిగింది. నిజానికి పేపరు తేలిగ్గా వచ్చి ఉండొచ్చు. ఆ పిల్ల మనసులో మాత్రం ముడి పడిపోయింది. తర్వాత ర్యాంకు తగ్గిన వారం టిఫిన్ కూడా తీసేసింది.

ఇంకో మాట కూడా చెప్పింది. “అమ్మ వాళ్ళింట్లో అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి తింటుందంట. నాకు కూర్చుని తినబుద్ధయ్యేది కాదు.” ఏ పుస్తకంలోనూ నాకు ఈ వాక్యం దొరకలేదు. తల్లి కష్టం తెలిసిన పిల్ల, తల్లి రుణం మార్కుల్లో తీర్చలేకపోయిన వారం, అన్నంలో తీరుస్తోంది. “మీ అమ్మ అక్కడ ఎంత కష్టపడుతోందో గుర్తుపెట్టుకో” అని ఆ పిల్లకి చెప్పని పెద్దమనిషి మా వీధిలో లేడు. ఆ పిల్ల గుర్తుపెట్టుకుంది.

అందం మాటేమిటి అంటారు. ఉంది. మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో రోజూ కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరాలని ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు వచ్చి మొక్కుకుని కల్యాణం చేయించుకుంటారు. ఆ మండపం అరుగు మీద కూర్చుంటే చాలు, సంబంధాల కబుర్లలో “పిల్ల కొంచెం బొద్దండి” అన్నమాట ఎంత గొంతు తగ్గించి అంటారో వినిపిస్తుంది. సినిమా సంగతి సరేసరి. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో మన ఇళ్ళలోకి వచ్చేసిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్ళకే పోయింది. అంతకు కొన్ని వారాల ముందే ఒంట్లో కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని పేపర్లన్నీ రాశాయి. బరువు పెరిగిందని ఆ అమ్మాయిని ఆడిపోసుకున్నవాళ్ళలో మన ప్రేక్షకులూ ఉన్నారు. అయినా నేను చూసిన పిల్లల్లో అందం కోసం మొదలుపెట్టినవాళ్ళకన్నా మంచి పిల్ల అనిపించుకోవడం కోసం మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ.

మా నేలలో తినకపోవడానికి గౌరవం ఉంది. మా పక్కనే ముమ్మిడివరం. బాలయోగి గారు అన్నపానాలు లేకుండా తపస్సులో ఉంటారని, శివరాత్రికి దర్శనమిస్తారని చిన్నప్పుడు మేం ఊళ్ళకి ఊళ్ళు కదిలి వెళ్ళేవాళ్ళం. 1985లో ఆయన సిద్ధి పొందిన తర్వాత కూడా ఆ ఆశ్రమానికి జనం వెళుతూనే ఉన్నారు. ఆ భక్తిని తక్కువ చేయను, నాకూ ఉంది. తిననివాడు తినేవాడికన్నా ఒక మెట్టు పైన ఉంటాడన్నది మాకు పాలతోపాటు పట్టిన నమ్మకం. మగవాళ్ళలో అది ఏ ఒక్కరికో. ఆడవాళ్ళకి మాత్రం అది వారంవారీ పని: కార్తీక సోమవారాలు, శనివారం ఒంటిపూట, ఏకాదశి, పిల్లాడి పరీక్షకి ఒక మొక్కు, భర్త ఆరోగ్యానికి ఇంకోటి.

కానీ మన పెద్దవాళ్ళ ఉపవాసానికి ఒక హద్దుంది, అది మరిచిపోతున్నాం. అట్లతద్దినే చూడండి. పొద్దు పొడవకముందే పిల్లలందర్నీ లేపి చద్దన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగుతో కడుపునిండా పెట్టేవారు. పగలంతా ఉయ్యాలలు, ఆటలు. చందమామ కనపడగానే అట్లు. ఉపవాసం కూడా గుంపుగా చేసే పండగే. మొదలు ఎప్పుడో చివర ఎప్పుడో అందరికీ తెలుసు. హాస్టల్ గదిలో ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా, చందమామ ఎప్పటికీ రాని ఉపవాసం చేస్తున్న పిల్లని ఆ అట్లతద్దితో పోల్చకూడదు. “మా కాలంలో మేమూ ఉపవాసాలు చేశాం, మాకేమైంది” అనే అమ్మమ్మలకి నేను చెప్పేది ఇదే.

ఇంకో సంగతి. కోనసీమకి అన్నపూర్ణ అన్న పేరు తెచ్చిన మనిషి లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసే దాకా వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకి అన్నం పెట్టిన ఇల్లాలు. చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ ఆవిడ ఫొటో తెప్పించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకి కూడా ఆ భోజనం పెడుతున్నారు. ఇంటర్ చదివే ఆడపిల్ల మధ్యాహ్నం తోటి పిల్లల మధ్య కూర్చుని అన్నం తింటుందన్నమాట నాకెంత ఊరటో చెప్పలేను. ఆవిడకి చేతులెత్తి మొక్కుతూనే అంటాను: అన్నం పెట్టిన ఆడదాని గురించి మనకి వంద కథలున్నాయి, హాయిగా కూర్చుని అన్నం తిన్న ఆడదాని గురించి ఏ కథా చెప్పుకోం.

ఆ కథ కావాలంటే శ్రీకాకుళం వెళ్ళాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి 1994, 95ల్లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు 54 కిలోల తరగతిలో ఉంది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం గెలిచింది 69 కిలోల తరగతిలో. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు. బరువు పెరిగిన ఒంటితో, తిన్న తిండితో, ఎత్తింది. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో చెప్పేటప్పుడు పతకం సంగతే చెబుతాం. పదహారేళ్ళకే నాలుగు పుస్తకాల సంచీ మోయలేక ఆయాసపడే పిల్లలకి ఆ కిలోల సంగతి కూడా చెప్పాలి.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధు వెండి పతకం గెలిచినప్పుడు కోచ్ గోపీచంద్ చెప్పిన ముచ్చట మీకు గుర్తుండే ఉంటుంది. మూడు నెలలు ఫోను ఇవ్వలేదని, ఆవిడకి ఇష్టమైన తీపి పెరుగూ ఐస్‌క్రీమూ పోటీల ముందు మాన్పించానని, ఇక ఇష్టం వచ్చింది తినొచ్చని అన్నారు. దేశమంతా మురిసిపోయింది. క్రీడాకారిణికి అది కోచ్ కళ్ళెదుట జరిగే పని, గడువున్న పని. పతకం రాగానే ఐస్‌క్రీమ్ తిరిగొచ్చింది. మన ఇళ్ళకి చేరేసరికి ఆ కథలో గడువు జారిపోయి, మానడం ఒక్కటే మిగిలింది.

ఈ జబ్బుని మనవాళ్ళు ఎందుకు గుర్తుపట్టరంటే, పుస్తకాల్లో ఉన్నట్టు మన పిల్లలు “లావైపోతానని భయంగా ఉంది” అనరు. హాంగ్‌కాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు 1990ల్లో ఇదే గమనించాడు. అక్కడి రోగుల్లో చాలామంది లావు ఊసే ఎత్తలేదు, కడుపు ఉబ్బరం అన్నారు, ఆకలి లేదన్నారు. మా పిల్ల చెప్పిన గ్యాస్ అదే. అమ్మమ్మ మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళలు తెచ్చింది. నీరసానికి రక్తహీనత అన్నారు, ఐరన్ టానిక్ రాశారు. అది వింతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా, వందలో 58 మందికి మించి, రక్తం తక్కువున్నవాళ్ళే. అందరూ పాలిపోయి ఉన్నచోట ఒక పిల్ల పాలిపోవడం ఎవరికి కనిపిస్తుంది? నెలసరి ఆగిపోయింది. పీసీఓడీ అయ్యుంటుంది, కాస్త బరువు తగ్గించమని ఒక బంధువు సలహా చెప్పింది. ఆ సలహా విన్నరోజు నాకు ఒళ్ళు మండింది.

చివరికి స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోతే హాస్టల్ నుంచి తీసుకొచ్చారు. కాకినాడలో చూసిన డాక్టరుగారు మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. అప్పుడు తెలిసింది మొదటి సంగతి: ఇన్నాళ్ళూ మాడిన ఒంటికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా గిన్నెడు పెట్టకూడదు. రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ప్రమాదం. వైద్యుల కనుసన్నల్లో మెల్లమెల్లగా పెంచాలి. రెండో సంగతి: ఈ వయసు పిల్లలకి ఇంటివాళ్ళే మందు. లండన్‌లో మాడ్స్‌లీ ఆస్పత్రివాళ్ళు 1980ల్లో అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. కొన్నాళ్ళపాటు ఏం తినాలో, ఎంత తినాలో పిల్లకి వదలకుండా పెద్దవాళ్ళే చూసుకుని, ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. తిట్టరు, బతిమాలరు, బరువు గురించీ ఒంటి గురించీ మాట్లాడరు. తప్పు పిల్లది కాదు, జబ్బుది అన్నట్టు ఉంటారు.

కువైట్ నుంచి తల్లి సెలవు మీద వచ్చింది. ఉన్నన్నాళ్ళూ ప్రతి పూటా కూతురి పక్కన పీట వేసుకుని, తనూ ఒక కంచం పెట్టుకుని, కూర్చుని తింది. ముందు తను తినకపోతే పిల్ల ముట్టేది కాదు. ఒక్కో పూట భోజనం రెండు గంటలు పట్టేది. కంచం విసిరేసిన రోజులున్నాయి. తల్లి తిరిగి వెళ్ళాక అమ్మమ్మ ఆ చోట కూర్చుంది. “తినవే, నా బంగారం కదా” అనకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో నేను గోడ ఇవతల నుంచి విన్నాను. ఇలాంటి పిల్ల ఇంట్లో ఉన్నవాళ్ళు మొదట ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోను చేయొచ్చు. టెలిమానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మా సర్పంచిని ఆ నంబరు ఊళ్ళో బడి గోడ మీద రాయించమని అడుగుతున్నాను.

ఈ ఏడాది ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉంది. నీట్ ఇంకా రాయలేదు. ఒక ఏడాది పోయిందని బంధువులు బాధపడుతున్నారు. పదిమందిలో కూర్చుని తినలేదు, పెళ్ళిళ్ళకి రాదు. కొన్ని వారాలు బాగుంటుంది, కొన్ని వారాలు మళ్ళీ గ్యాస్ మొదలవుతుంది. తిండి మానేసిన ఆ రెండేళ్ళలో వంటకి ఏనాడూ వంక పెట్టింది లేదు, తిననివాళ్ళకి రుచితో పనేముంది. మొన్న మధ్యాహ్నం వాళ్ళ వంటింట్లోంచి పెద్ద గొడవ వినిపించింది. “పులుసులో బెల్లం ఎందుకమ్మమ్మా అంత తోశావు, పానకంలా ఉంది. ఇలా అన్నంలో ఏం కలుపుకోను, గుడ్డట్టేసి పెట్టు.” అమ్మమ్మ ఊరుకుంటుందా. “ఆయ్, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర సత్తన్నాను, ఇంకా అట్టెయ్యాలంటే? నేనేటి, నీ వంటమనిషినా?” అని వీధి చివర దాకా వినపడేలా అరుస్తూ పెనం పెట్టింది.